మంచుకొండలు సరే... మున్నేరు సంగతేంటి?

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఏ ఫొటో స్టూడియోకో, డీటీపీ సెంటర్‌కో వెళ్లి కూర్చుంటే, అక్కడి మానిటర్ మీద ఫైళ్ల వెనకాల తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. మంచు కప్పిన కొండ, కింద కదలని నీలి సరస్సు, ఒడ్డు పొడవునా దేవదారు చెట్లు. బయట చూస్తే సిమెంటు లారీలు, మిర్చి టిక్కీలు ఎత్తిన ట్రాక్టర్లు, మాడు పగిలే ఎండ. ఆ సరస్సు ఎక్కడిదని అడిగితే ఎవరూ చెప్పలేరు. చాలాసార్లు అది భూమ్మీద ఎక్కడా ఉండదు కూడా. ఏ కెమెరా కంటా పడకుండా, కంప్యూటర్ లెక్కగట్టి వేసిన బొమ్మ అది.

ఇలా లెక్కతో వేసే సీనరీలకు నాలుగు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. వాటిని ఎలా తయారుచేస్తారు, అన్నీ ఒకే తీరుగా ఎందుకుంటాయి, పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, అంటే 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామల చుట్టుపక్కల నేల, అదే పద్ధతిలో తెర మీదికి వస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న. వస్తుంది. కానీ మంచుకొండ వచ్చినంత తేలిగ్గా రాదు. ఎందుకు రాదో తెలిస్తే ఈ విద్య గుట్టు సగం తెలిసినట్టే.

సీనరీ మీద మోజు మనకు కంప్యూటర్ కంటే చాలా ముందు నుంచే ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం రంగుల తెరల మీద అడవుల్ని, కోటల్ని, ఆకాశాల్ని వేసుకుని ఊరూరా తిరిగింది. తర్వాత ఫొటో స్టూడియోల గోడలకు తెరలు వేలాడాయి: తామర కొలను, పాలరాతి మెట్లు, దూరంగా తాజ్‌మహల్. కొత్త జంట ఆ మెట్ల మీద నిలబడ్డట్టే ఫొటో దిగేది. తిరునాళ్లలో అమ్మే పోస్టర్లలో స్విట్జర్లాండ్ ఇళ్లు, జలపాతాలు. రంగులకైతే జగ్గయ్యపేటది ప్రత్యేకమైన పేరే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలను రెండేళ్లకోసారి ఊరేగింపుగా ఈ ఊరికే తెచ్చి రంగులు వేయించుకుని వెళ్తారు. ఇప్పుడు స్టూడియో తెర పోయి కరిష్మా ఆల్బం డిజైనర్ దగ్గర పీఎస్‌డీ బ్యాక్‌గ్రౌండ్లు డిస్కుల నిండా చేరాయి. కల్యాణమండపంలో తీసిన పెళ్లికూతురి ఫొటోను కటింగ్ చేసి ఏ ఆల్ప్స్ కొండ కిందో నిలబెట్టడం కాసేపటి పని.

కంప్యూటర్ తెర మీద మన తరం అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన సీనరీ మాత్రం అచ్చమైన ఫొటో. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన పచ్చగడ్డి దిబ్బ, నీలాకాశం గుర్తున్నాయిగా? ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కూర్చున్న ప్రతి కుర్రాడికీ అది కంఠోపాఠం. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996 జనవరిలో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో, దారిలో కారు ఆపి తీసిన బొమ్మ. దాన్ని కంప్యూటర్‌లో తయారుచేశారనే చాలామంది నమ్మారు. తాను ఏమీ మార్చలేదని ఓరియర్ చెబుతూనే వచ్చాడు. అసలు విశేషం ఆ గడ్డిలో ఉంది. అది ద్రాక్షతోటల నేల. వేరుపురుగు సోకి తోటలు పీకేస్తే ఆ ఖాళీ చేలో గడ్డి మొలిచింది. పత్తిలో పురుగును చూసి కుంగిపోయిన మెట్ట రైతుకు ఈ కథ చెబితే ఆ పచ్చదనం ఇంకో రకంగా కనిపిస్తుంది.

లెక్కతో పుట్టిన మొదటి పేరున్న కొండలు 1980 నాటివి. బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేసే లోరెన్ కార్పెంటర్‌కు విమానాల వెనక చూపించడానికి కొండలు కావాల్సి వచ్చాయి. బెన్వా మాండెల్‌బ్రో అనే గణితవేత్త ఫ్రాక్టల్స్ గురించి రాసింది చదివి ఒక కిటుకు పట్టాడు. ఒక త్రిభుజం తీసుకోవాలి. మూడు భుజాల మధ్య బిందువుల్ని పట్టుకుని, పాచికలేసినట్టు కాస్త పైకో కిందికో జరపాలి. ఇప్పుడు నాలుగు త్రిభుజాలొచ్చాయి. ఒక్కోదాన్నీ మళ్లీ అలాగే విరవాలి, ఈసారి జరిపే దూరం తగ్గించాలి. ఇలా పది పన్నెండు విడతలు పోతే గరుకైన పర్వతశ్రేణి ఎదురుగా నిలబడుతుంది. ఆ కొండల మీద ఎగిరినట్టు రెండు నిమిషాల సినిమా తీసి, 1980లో సియాటిల్‌లో జరిగిన కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు సిగ్రాఫ్‌లో చూపించాడు. పేరు 'వోల్ లీబ్ర'. లూకాస్‌ఫిల్మ్ వాళ్లు అతన్ని తీసుకున్నారు. రెండేళ్లకే, 1982లో వచ్చిన రెండో స్టార్ ట్రెక్ సినిమాలో ఒక మోడు గ్రహం మీద ఆ పద్ధతిలోనే కొండలు లేచాయి. లూకాస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగమే తర్వాత పిక్సార్ అయింది.

కొండ సరే, మేఘం? రాతి మీద మచ్చ? నీటి మీద అల? వీటికి మందు కెన్ పెర్లిన్ కనిపెట్టాడు. 1982 నాటి 'ట్రాన్' సినిమాకు పనిచేశాక, కంప్యూటర్ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రాల్లా ఉంటున్నాయన్న అసంతృప్తితో, అదుపులో ఉండే ఒక గజిబిజిని సూత్రంగా రాశాడు. 1985లో దాన్ని ప్రచురించాడు. పెర్లిన్ నాయిజ్ అంటారు. పొగ, మట్టి, చలువరాయి, దిబ్బలు అన్నీ దాన్నే రకరకాల మోతాదుల్లో కలిపితే వస్తాయి. 1997లో ఆస్కార్ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. 1989లో కెన్ మస్‌గ్రేవ్, క్రెయిగ్ కోల్బ్, రాబర్ట్ మేస్ మరో మెట్టెక్కారు. కొండను పుట్టించడంతో ఆపకుండా దాని మీద వాన కురిపించారు. నీరు ఎటు పారుతుందో, ఎంత మట్టిని కోసుకుపోయి ఎక్కడ మేట వేస్తుందో లెక్కగట్టారు. నేటి వరల్డ్ మెషీన్, గేయా లాంటి ప్రోగ్రాములు ఆ కోత లెక్కల మీదే బతుకుతున్నాయి.

ఇదంతా 1990ల్లో ఇంటి కంప్యూటర్లకు దిగింది. ఉచితంగా దొరికే పోవ్-రే, ఎరిక్ వెంగర్, కై క్రౌస్‌ల చేతుల మీదుగా 1994లో వచ్చిన బ్రైస్, దశాబ్దం చివర్లో టెరాజెన్, వాటితోపాటు వ్యూ. బ్రైస్ చేతికందిన ప్రతివాడూ నీటి మీద తేలే మెరిసే గుండ్లు వేశాడు. ఆ కాలపు బొమ్మల్ని ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. రాత్రి పడుకునేముందు రెండర్‌కు పెట్టి పొద్దున లేచి చూసుకునే రోజులవి. రాయన్ బ్లిస్ అనే అమెరికన్ ఆ రోజుల్లోనే 'డిజిటల్ బ్లాస్‌ఫెమీ' పేరుతో తాను చేసిన వాల్‌పేపర్లను చందాదారులకు ఇవ్వడం మొదలుపెట్టి, దాన్నే వృత్తి చేసుకున్నాడు. వాల్‌పేపర్ల మీదే జీవితం గడిపిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అతనిది.

ఇక మంచుకొండల పెత్తనం ఎందుకంటే, లెక్కకు అవే చవక. ఫ్రాక్టల్ సూత్రం సహజంగా గరుకుతనాన్ని పుట్టిస్తుంది. గరుకైన చోట తప్పులు దాగుతాయి. మంచుకు ఒక్క నియమం చాలు: ఇంత ఎత్తు దాటితే, వాలు ఇంతకంటే తక్కువైతే, తెలుపు. సరస్సుకు అదీ అక్కర్లేదు, ఒక ఎత్తులో బల్లపరుపుగా ఒక పలక పరిచి ప్రతిబింబం పెడితే అయిపోయింది. దేవదారు అంటే శంకువు. ఒకటి చేసి లక్షసార్లు నాటొచ్చు. మనిషి ఉనికి లేదు కాబట్టి ఇల్లు, రోడ్డు, గట్టు, స్తంభం ఏవీ గీయనక్కర్లేదు. దీనికి తోడు ఈ ప్రోగ్రాములు రాసినవాళ్లు ఎక్కువగా అమెరికా, ఐరోపాల వాళ్లు. వాళ్లకు తెలిసిన కొండలే నమూనాలయ్యాయి. అందానికి ఇదే కొలత అని ఎవరూ తీర్మానించలేదు. చవకగా వచ్చింది, అలవాటైంది, అలవాటైందే అందమైంది.

మెట్ట నేల దీనికి పూర్తిగా ఎదురు. నందిగామ నుంచి చందర్లపాడు దాకా, వత్సవాయి నుంచి పెనుగంచిప్రోలు దాకా నల్లరేగడి మెల్లగా లేచి మెల్లగా పడుతుంది. కంటికి ఆనే గీతలన్నీ మనిషి గీసినవే: గట్లు, డొంకలు, నాగార్జున సాగర్ ఎడమ కాలువ పిల్లకాలువలు, కరెంటు తీగలు. ఒక చేను పత్తి, పక్కది మిర్చి, ఆ పక్కది బీడు. ఎవరి గట్టు ఎక్కడుందన్నది పంపకాలు, అమ్మకాలు, తగాదాల చరిత్ర. పాచికలేసి దాన్ని పుట్టించలేం. గరుకుతనం లేని చోట చిన్న తప్పు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు కంప్యూటర్ దృశ్యాలు చేయడం రాదనడానికి మాత్రం వీల్లేదు. 'మగధీర'కు ఆర్.సి. కమలకణ్ణన్, 'ఈగ'కు హైదరాబాద్‌లోని మకుట, 'బాహుబలి' మొదటి భాగానికి వి. శ్రీనివాస మోహన్ స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డులు అందుకున్నారు. 'బాహుబలి' జలపాతానికి కేరళలోని అతిరప్పిళ్లి ఆధారం. దాన్ని మేఘాల దాకా లేపింది కంప్యూటర్. ఆస్కార్ గెలిచిన 'లైఫ్ ఆఫ్ పై' సముద్రం, ఆకాశాల వెనక రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ హైదరాబాద్ శాఖ పని కూడా ఉంది. అంటే చేయి తిరిగినవాళ్లు నాలుగు గంటల దూరంలోనే ఉన్నారు. అయితే వాళ్లను నిర్మాత అడిగేది 'బాహుబలి'లోని మాహిష్మతి. ఈ మెట్టలో పారే మున్నేరును అడిగిన నిర్మాత లేడు.

అడిగేవాడుంటే సరంజామా అంతా ఉచితం. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. ఎస్ఆర్‌టీఎం డేటా అంటారు. 30 మీటర్ల వివరంతో అది అందరికీ అందుబాటులో ఉంది. మన ఇస్రో 2005 మేలో శ్రీహరికోట నుంచి పంపిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో రెండు కోణాల్లో ఫొటోలు తీసింది. వాటి నుంచి చేసిన కార్టోడెమ్‌ను హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ 'భువన్' ద్వారా ఇస్తోంది. ఐరోపా వాళ్ల కోపర్నికస్ డేటా మరొకటి. రంగుల కోసం సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలున్నాయి. ఇక బొమ్మ కట్టడానికి బ్లెండర్. టోన్ రోజెండాల్ 2002లో జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి ఈ ప్రోగ్రామును అందరిదీ చేశాడు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో' పూర్తిగా అందులోనే తయారైంది.

ఎస్ఆర్‌టీఎం వాళ్లు భూమిని ఒక డిగ్రీ పలకలుగా కోసి పెట్టారు. మనది ఎన్16ఈ080. జగ్గయ్యపేట, నందిగామ, కొండపల్లి, అమరావతి, విజయవాడ, గుంటూరు అన్నీ ఈ ఒక్క పలకలోనే ఇమిడిపోయాయి. అడ్డంగా 3601, నిలువుగా 3601 చుక్కలు, అంటే దాదాపు కోటీ ముప్ఫై లక్షల ఎత్తులు. ఫైలు 26 మెగాబైట్లు కూడా ఉండదు. ఒక పెళ్లి ఫొటో రా ఫైలంత. బ్లెండర్‌లో తెరిస్తే కొండపల్లి కొండల వరస ముడతలుగా లేస్తుంది, కృష్ణ వంపు తెలుస్తుంది, మిగిలినదాంట్లో చాలామటుకు ఇస్త్రీ చేసిన గుడ్డ.

దగ్గరికి వెళ్తే అసలు తంటా మొదలవుతుంది. కీసర దగ్గర మున్నేరు ఒడ్డున కెమెరా పెట్టారనుకోండి. నేల నున్నగా ఉండాల్సిన చోట అరుగులు అరుగులుగా కనిపిస్తుంది. కారణం చిన్నదే. ఈ డేటాలో ఎత్తులు పూర్ణ మీటర్లలో ఉంటాయి. 41 తర్వాత 42, మధ్యలో ఏమీ లేదు. కొండల్లో అది ఎవరికీ తెలియదు. మెట్ట చేలల్లో ఫర్లాంగుకు మీటరు లేచే చోట ఒక్కో మీటరూ ఒక్కో గట్టులా నిలబడుతుంది. విరుగుడుగా బ్లర్ చేసి నున్న చేయాలి, లేదా దశాంశాలతో ఇచ్చే కోపర్నికస్ డేటా తీసుకోవాలి. రెండో చిక్కు గడి పరిమాణం. 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 22 సెంట్లు. ఎకరానికి నాలుగున్నర గడులు. గట్టు, బోదె, బాట, బావి అన్నీ ఆ గడిలో కరిగిపోతాయి. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి తీసిన బౌద్ధ స్తూపం, దాని చుట్టుపక్కలతో సహా, ఒకటి రెండు గడుల్లో సర్దుకుంటుంది. అక్కడి శిల్పాల్లో పేరుమోసిన మాంధాత చక్రవర్తి ఫలకం ఎటూ చెన్నై మ్యూజియంలో ఉంది. కాబట్టి ఉపగ్రహం ఇచ్చేది అస్థిపంజరమే. కండ, చర్మం చేత్తో పెట్టాలి.

పలక పడమటి అంచున ఇంకో తమాషా. కె.ఎల్. రావు సాగర్, అంటే పులిచింతల ప్రాజెక్టు, 2013 డిసెంబరులో ప్రారంభమైంది. షటిల్ తిరిగింది 2000లో. కాబట్టి ఆ డేటాలో ఆనకట్ట లేదు, జలాశయం లేదు. ముంపుకు ముందటి కృష్ణ లోయ అలాగే ఉంది. అక్కడ సీనరీ చేసేవాళ్లు తెలియకుండానే పాత నదిని గీస్తారు. ముంపు గ్రామాల నుంచి లేచిపోయిన వాళ్లకు ఆ బొమ్మ వాల్‌పేపర్ కంటే ఎక్కువే అవుతుంది.

ఎత్తుల్ని సాగదీయాలా వద్దా అన్నది ఈ పనిలో పాత పంచాయితీ. ఉన్నదున్నట్టు పెడితే చప్పగా ఉంటుందని చాలామంది నిలువు కొలతను మూడు నాలుగు రెట్లు పెంచుతారు. రెండు రెట్ల దాకా కన్ను ఒప్పుకుంటుంది. ఆపైన కొండపల్లి కాస్తా కైలాసమవుతుంది. మెట్ట నేల అందం దాని తాపీతనంలో ఉంది. దాన్ని ఎగదోస్తే మళ్లీ ఆ మంచుకొండల దారే పడతాం. కెమెరాను కిందికి దించి, మనిషి కంటి ఎత్తులో పెట్టి, ముందర ఒక కల్లమో గట్టో చూపించడం మేలైన మార్గం.

మరి కల్లమంటే? ఫాల్గుణంలో మిర్చి ఎండే కల్లాలకు మించిన సీనరీ ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు. నల్లనేల మీద ఎకరాల కొద్దీ ఎరుపు. కంప్యూటర్‌కు ఇది దేవదారు అడవి అంత సులువు: కాయ నమూనాలు అయిదారు చేసి, వంపు, ముడత, రంగు కొంచెం కొంచెం మారుస్తూ లక్షల సంఖ్యలో చల్లొచ్చు. బ్లెండర్‌లో జామెట్రీ నోడ్స్ అనే వసతి 2021 నుంచి ఇందుకే ఉంది. అయినా మిర్చి కల్లం వాల్‌పేపర్ కోసం వెతికితే దొరికేవి ఫొటోలే.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. ప్రోగ్రాములు సూర్యుణ్ణి ఆకాశంలో ఒక వాలున పెట్టి ఇస్తాయి. అది చలిదేశాల ఎండ. ఇక్కడి అక్షాంశం దాదాపు 16.8 డిగ్రీలు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ కాళ్ల కిందికి పోతుంది. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుంది. అక్షాంశం, తేదీ, గంట ఇస్తే సూర్యుణ్ణి సరైన చోట నిలిపే ఏర్పాటు బ్లెండర్‌లో ఉంది, వాడేవాళ్లే తక్కువ. గాలి కూడా అంతే. దూరం పెరిగేకొద్దీ నీలి పొర కమ్ముతుందన్నది తేటగాలి లెక్క. జయంతిపురం, ముక్త్యాల వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల మీదుగా వేసవి సాయంత్రం చూస్తే దిక్కులు నీలం తిరగవు, గోధుమరంగు కలిసిన బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ ఒక్క రంగు సరిచేస్తే బొమ్మ సగం మన ఊరిదైపోతుంది.

మిగతా సగం చెట్లది. 1968లో అరిస్టిడ్ లిండెన్‌మేయర్ మొక్క ఎదుగుదలను వ్యాకరణ సూత్రాల్లా రాశాడు. కొమ్మ ఎక్కడ చీలాలి, ఎంత కోణంలో, ఎన్నిసార్లు అన్నది సూత్రం చెబుతుంది. చెట్లు పుట్టించే ప్రోగ్రాములు ఎక్కువగా ఆ బాటవే. అయితే వాటి భాండాగారాల్లో దొరికేవి ఓక్, మేపుల్, పైన్. తాటిచెట్టు కావాలంటే వెతుకులాటే. దొరికిన చోట కొబ్బరిచెట్టుకే ఆకులు మార్చి పెట్టి ఉంటారు. తాడి మాను మొదట్లో లావెక్కి ఉంటుంది, ఒంటి నిండా రాలిన మట్టల కణుపులు, తల మీద విసనకర్రల్లా విచ్చుకున్న ఆకులు, వాటి కింద వేలాడే ఎండుమట్టలు. కొమ్మలు లేవు కాబట్టి కట్టడం కష్టం కూడా కాదు: ఒక మాను, ఒక ఆకు, దాన్ని చుట్టూ తిప్పి పెట్టడం. సర్కారు తుమ్మ అంతకంటే మొండిది. చిక్కుపడ్డ సన్న కొమ్మలు, కనీకనిపించని ఆకులు, కంప్యూటర్ మెమరీనంతా మింగేస్తుంది. వేప, కానుగ, ఈత మధ్యరకం.

ఇంత చేశాక అది వాల్‌పేపర్‌గా పనికొస్తుందా అన్నది వేరే పరీక్ష. గోడకు వేలాడే బొమ్మ మీద ఎవరూ ఫోల్డర్లు పెట్టరు; డెస్క్‌టాప్ మీద పెడతారు. ఎడమవైపు ఐకాన్లు, కింద టాస్క్‌బార్. కాబట్టి ఎడమ భాగం సాదాగా ఉండాలి, విశేషమేదైనా కుడికి జరగాలి. తెలుపు ఎక్కువైతే ఐకాన్ల పేర్లు చదవలేం. ఆకాశంలో చారలు పడటం మరో జబ్బు: మామూలు బొమ్మలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, నీలం నుంచి లేతనీలానికి వెయ్యి వరసల పొడవున జారాలంటే ఆ మెట్లు చాలవు. 16 బిట్లలో దాచుకుని, చివర్లో కాస్త రేణువులు చల్లితే చారలు మాయమవుతాయి. ఫుల్ హెచ్‌డీ తెరకు ఇరవై లక్షల చుక్కలు సరిపోతాయి. 4కె అంటే 83 లక్షలు. చుక్కకు 500 కిరణాల చొప్పున లెక్కిస్తే 415 కోట్ల కిరణాలు. మంచి గ్రాఫిక్స్ కార్డుంటే కాఫీ తాగి వచ్చేలోపు, లేకపోతే బ్రైస్ రోజులే.

ఈ బాధంతా ఎందుకు, నాలుగు మాటలు టైపు చేస్తే ఏఐ బొమ్మ ఇస్తుంది కదా అనేవాళ్లున్నారు. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చాక వాల్‌పేపర్ల వరదకు గట్లు తెగాయి. ఉత్త గజిబిజి నుంచి మొదలెట్టి, కోట్ల బొమ్మల్లో నేర్చుకున్న పోలికల ప్రకారం దాన్ని తేటపరచుకుంటూ పోవడం వాటి పద్ధతి. నేర్చుకున్న బొమ్మల్లో ఏది ఎక్కువుంటే అదే పైకి తేలుతుంది. తెలుగు పల్లె అంటే కొబ్బరిచెట్లు, వరిమడి, పెంకుటిల్లు. మెట్ట నేల అనే మాటే వాటికి ఎక్కదు. పైగా అదే చోటును ఇంకో వైపు నుంచి, ఇంకో కార్తెలో చూపించమంటే వేరే ఊరు వస్తుంది. బ్లెండర్‌లో కట్టిన మున్నేరు అలా కాదు. ఎండాకాలం ఇసుక మేటలతో ఒకటి, శ్రావణంలో నిండుగా ఒకటి చేసుకోవచ్చు. నీటి పలకను పెంచి 2023 జులైలోనూ 2024 సెప్టెంబరులోనూ ఐతవరం దగ్గర హైవేను ముంచిన వరదను చూపించొచ్చు. అయితే ఈ డేటాలో ఎత్తులు కొన్ని మీటర్లు అటూఇటూ ఉంటాయి కనుక, ఆ బొమ్మ చూసి వరద ఎక్కడిదాకా వస్తుందో తేల్చుకోవడం ప్రమాదం. ఏఐ వృథా అని చెప్పలేం. మబ్బులకు, రాతి చర్మానికి, దూరపు పొదలకు బాగానే అక్కరకొస్తుంది. ఊరిని మాత్రం దానికి అప్పగించకూడదు.

హక్కు ఎవరిదన్న సందేహానికి మన చట్టంలో ఒక మాట ఉంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం కంప్యూటర్ ద్వారా పుట్టిన చిత్రానికి, దాన్ని పుట్టించిన వ్యక్తే కర్త. బ్లెండర్ బొమ్మలకు ఇది చక్కగా సరిపోతుంది. ఏఐ బొమ్మల దగ్గర ఆ 'వ్యక్తి' ఎవరన్నది ప్రపంచమంతటా కోర్టుల్లో నలుగుతోంది. డబ్బు సంగతి ఆశాజనకంగా లేదు. 2024 సెప్టెంబరులో అమెరికా యూట్యూబర్ మార్కెస్ బ్రౌన్లీ వాల్‌పేపర్ల యాప్ పెట్టి ఏడాదికి 50 డాలర్లు అనగానే సొంత అభిమానులే విరుచుకుపడ్డారు. వాల్‌పేపర్‌కు రూపాయి పెట్టే అలవాటు జనానికి లేదు. ఈ ప్రాంతంలో గిట్టుబాటు ఉంటే గింటే ఆల్బం బ్యాక్‌గ్రౌండ్లలో, ఫ్లెక్సీల్లో, గృహప్రవేశం వీడియోల్లో ఉంటుంది. వాల్‌పేపర్ దాని ఉపఫలం.

నేర్చుకోవడానికి వేళ కూడా ఉంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఆల్బం పని తగ్గుతుంది, స్టూడియోల్లో గ్రాఫిక్స్ కార్డులున్న కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయి. ఫొటోషాప్‌లో పెన్ టూల్ మీద ఏళ్ల తరబడి చేయి తిరిగినవాళ్లకు బ్లెండర్ ఒక సీజన్ పని. జగ్గయ్యపేట, నందిగామ స్టూడియోల వాళ్లు నలుగురు కలిసి, ముందుగా ఒక తాటిచెట్టు, ఒక సర్కారు తుమ్మ, ఒక మిర్చి కల్లం నమూనాలు సరిగ్గా చేసి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టాలి. పలక ఎటూ సిద్ధంగానే ఉంది.